సీసా వచ్చింది, పరిగెత్తండి!

ఈ మధ్య ఒక మాట వింటే చాలు, నాకు ఒళ్లు మండుతోంది. ‘తెలియక’. పేపర్లో ఆటల పేజీ తిప్పితే ఎవరో ఒక క్రీడాకారుడు నిషేధిత మందులు పట్టే డోప్ పరీక్షలో దొరికిపోయి ఉంటాడు. ఫొటో పక్కనే ఆయన వివరణ ఉంటుంది: నాకు తెలియక జరిగిందండీ. తెలియక మింగాడు. తెలియక పొడిపించుకున్నాడు. తెలియక వారానికి రెండు చొప్పున ఆరు వారాలు పొడిపించుకున్నాడు. మా ఆవిడ అరకిలో వంకాయలు కొనాలంటే ప్రతి కాయనీ తిప్పి తిప్పి చూస్తుంది, ఎక్కడైనా పుచ్చు ఉందేమోనని. ఒళ్లే పెట్టుబడిగా బతికేవాళ్లు మాత్రం ఆ ఒంట్లోకి ఏం పోతోందో ఒక్కసారీ తిప్పి చూడరు. పాపం, అంత అమాయకులు.

అసలు పేర్లలోనే ఏదో ఉంది. ప్రపంచ స్థాయిలో మందురాయుళ్లను పట్టుకునే సంస్థ పేరు వాడా. తెలుగువాడికి అది సంస్థ పేరులా వినపడదు, నేరం ఒప్పుకున్నట్టు వినపడుతుంది. ‘ఏరా, వాడావా?’ ‘ఆ, వాడా.’ మన దేశంలో అదే పని చేసే సంస్థ నాడా. హైదరాబాద్‌లో నాడా అంటే పైజామా బొందు. మూత్రం నమూనా కోసం సీసా పట్టుకుని ఎదురుగా నిలబడే అధికారికి ఇంతకన్నా తగిన పేరు ఎవరూ పెట్టలేరు. వచ్చినవాడు ముందు విప్పమనేది దాన్నే.

సరే, ఎవరికీ ఏమీ తెలియదనే ఒప్పుకుందాం. మరి 2023 సెప్టెంబర్ 26న ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జరిగినదాన్ని ఏమనాలి?

ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు ఆ రోజు ఆఖరి రోజు. అంతకుముందే ఆ స్టేడియం టాయిలెట్‌లో వాడి పారేసిన సిరంజిలు, రక్తంలో ఎర్రకణాలు పెంచే ఈపీఓ అనే మందు ప్యాకెట్లు కుప్పగా పడి ఉన్న వీడియో ఒకటి ఊరంతా తిరిగింది. దాంతో నాడా వాళ్లు దిగారు. పురుషుల వంద మీటర్ల ఫైనల్. ఎనిమిది మంది పరిగెత్తాలి. పరిగెత్తింది ఒక్కడు.

మళ్లీ చెబుతున్నాను, ఒక్కడు.

ఆ దృశ్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఎనిమిది లైన్లు గీసి ఉన్నాయి. ఏడు ఖాళీ. స్టార్టర్ పిస్తోలు పైకెత్తాడు. ‘ఆన్ యువర్ మార్క్స్’ అని బహువచనంలోనే అన్నాడో, మర్యాద పక్కనపెట్టి ఏకవచనంలోకి దిగాడో. రెండో స్థానం కోసం ఎండా గాలీ పోటీ పడి ఉంటాయి. ఫొటో ఫినిష్ కెమెరా ఎందుకు పెట్టారో దానికే అర్థం కాక అటూ ఇటూ చూసి ఉంటుంది. ఎవరూ తోయలేదు, ఎవరూ లైన్ తొక్కలేదు, ఎవరూ ముందుగా కదలలేదు. భారత అథ్లెటిక్స్ చరిత్రలో ఇంత వివాదరహితమైన ఫైనల్ ఇంకోటి ఉండదు.

మిగతా ఏడుగురికి ఏమైందంటారా? వైద్యులు తేల్చాల్సిన విషయం అది. సీసా గేటు దాటి లోపలికి వచ్చిన క్షణంలోనే ఒకరికి కండరం పట్టేసి ఉంటుంది, ఇంకొకరికి కడుపు, మరొకరికి వాళ్ల నాయనమ్మకు సీరియస్. గాలి ద్వారా కాదు, చూపు ద్వారా సోకే జబ్బు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకోవడం పాత పద్ధతి. ఇప్పటివాళ్లు స్ప్రింటర్లు కదా, తడుముకునేంత తీరిక ఉండదు, నేరుగా గేటువైపే.

నా బాధల్లా ఒక్కటే. ట్రాక్ దగ్గర్నుంచి ఆటో స్టాండ్ దాకా వాళ్లు ఎంత సేపట్లో పరిగెత్తారో ఎవరూ స్టాప్‌వాచ్ పట్టుకుని కొలవలేదు. 1988లో సియోల్ ఒలింపిక్స్‌లో కెనడా స్ప్రింటర్ బెన్ జాన్సన్ స్టెరాయిడ్ ఎక్కించుకుని మరీ వంద మీటర్లు 9.79 సెకన్లలో పరిగెత్తాడు, మూడు రోజుల్లో పతకం ఊడింది. మనవాళ్లు ఆ రోజు వట్టి భయంతో పరిగెత్తారు. భయం నిషేధిత జాబితాలో లేదు. మూత్రంలోనూ కనపడదు. కాబట్టి క్రీడా మంత్రిత్వ శాఖకు నా సూచన ఏమిటంటే, విదేశీ కోచ్‌ల మీద డాలర్లు తగలేయకండి. స్టార్టింగ్ బ్లాకుల వెనక ఒక నాడా అధికారిని కూర్చోబెట్టండి. చేతిలో సీసా, అంతే. జాతీయ రికార్డులు సాయంత్రానికల్లా బద్దలవుతాయి.

అదే పోటీల్లో జూనియర్ అమ్మాయిల స్టీపుల్‌చేజ్ జరిగింది. ఒక అమ్మాయి ఫినిష్ లైన్ దాటింది. దాటినా ఆగలేదు. వెనక నుంచి పరీక్షాధికారి. అమ్మాయి ముందు, ఆయన వెనక. స్టీపుల్‌చేజ్‌లో అడ్డుకర్రలుంటాయి, నీళ్ల గుంట ఉంటుంది. ఆ పూట కొత్తగా ఒక అధికారి కూడా చేరాడు. ఆయన వయసెంతో, మోకాళ్ల పరిస్థితేమిటో. ఆ స్టేడియంలో ఆ రోజు మందు లేకుండా పరిగెత్తాడని పూచీ పడి చెప్పగలిగేది ఆయన ఒక్కడి గురించే. పతకం ఆయనకే ఇవ్వాల్సింది. అన్నట్టు, పతకాలు ఇస్తాం రమ్మని పిలిస్తే అందుకోవడానికి కూడా కొందరు రాలేదట. అంత నిరాడంబరత మన క్రీడల్లో ఎప్పుడు చూశాం?

ఇంతకీ ఆ సీసాలో భయపడేంత ఏముందని? కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రం కావాలి. అంటే కాకా హోటల్లో ఇచ్చే టీ గ్లాసుడు. గదిలో సీలు వేసిన నీళ్ల సీసాలు వరసగా పెట్టి ఉంటాయి. అప్పటిదాకా ఎండలో పరిగెత్తి వచ్చినవాడికి ఒంట్లో నీటి చుక్క ఉండదు. తాగుతాడు, నడుస్తాడు, మళ్లీ తాగుతాడు. గంట గడుస్తుంది, ఒక్కోసారి రెండు మూడు గంటలు. చివరికి లోపలికి వెళ్తే బనియన్ ఛాతీ దాకా ఎత్తాలి, నిక్కరు మోకాళ్ల దాకా దించాలి, ఎదురుగా ఒక పెద్దమనిషి నిలబడి కళ్లార్పకుండా చూస్తుంటాడు. పెళ్లిచూపుల్లో కూడా అంత తేరిపార చూడరు. తర్వాత దాన్ని ఏ, బీ అని రెండు సీసాల్లో పోసి, పోసినవాడి చేతే మూత బిగింపిస్తారు. ఇంత తతంగం ఎందుకు వచ్చిందంటే మహానుభావులు కొందరున్నారు. 1978లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పోటీల్లో, అందరికన్నా ముందున్నవాడికిచ్చే పసుపు చొక్కా వేసుకున్న మిషెల్ పోలెంటియర్ అనే బెల్జియం ఆయన, ఇంకొకరి మూత్రం నింపిన రబ్బరు బుడ్డిని చంకలో పెట్టుకుని, దానికో గొట్టం తగిలించి పరీక్షకు వచ్చాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటాం. ఈయన చంకలో ఏముందో వెతకాల్సిన పని పరీక్షాధికారులకు పడింది.

దొరికాక వినిపించే కథలైతే అన్నీ మన సకుటుంబ సపరివార కథలే. అందులో అందరూ ఉంటారు. 2003 ప్రపంచకప్ ముందు షేన్ వార్న్ దొరికాడు, టాబ్లెట్ అమ్మ ఇచ్చిందన్నాడు. 1998లో అమెరికా స్ప్రింటర్ డెన్నిస్ మిచెల్‌కు టెస్టోస్టెరాన్ ఎక్కువైందంటే, భార్య పుట్టినరోజు ప్రభావం అన్నాడు, వివరాలు ఇక్కడ రాయలేను. 2022లో రష్యా స్కేటింగ్ అమ్మాయి కమీలా వలియేవా తరఫున తాతగారొచ్చారు. ఆయన గుండె మందు నూరిన పలక మీదే స్ట్రాబెర్రీలు తరిగి ఉంటారట.

నా ఓటు మాత్రం అత్తగారికే. 2002 టూర్ ద ఫ్రాన్స్‌లో లిథువేనియా ఆయన రైమొండాస్ రుమ్‌షాస్ మూడో స్థానంలో వచ్చాడు. ఆయన పారిస్‌లో వేదిక ఎక్కే రోజునే ఆయన భార్య కారును ఫ్రాన్స్ కస్టమ్స్ వాళ్లు ఆపారు. కారు నిండా ఈపీఓ, గ్రోత్ హార్మోన్, టెస్టోస్టెరాన్. ఇవన్నీ ఎవరికమ్మా అంటే, మా అమ్మకండీ అంది. అంటే ఆయనకు అత్తగారు. ఆవిడకు ఏ జబ్బుందో కానీ, ఆ కారులో ఉన్న మందులన్నీ వాడి సైకిల్ ఎక్కి ఉంటే ఆ ఏడాది గెలిచిన అమెరికా ఆయన ఆర్మ్‌స్ట్రాంగ్ రెండో స్థానంలో ఉండేవాడు. ఆయన ఏడు టైటిళ్లూ 2012లో ఎలాగూ లాగేసుకున్నారు, కాబట్టి కప్పు అత్తగారికే దక్కేది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం విన్నాం. అత్త మందు అల్లుడు మింగడం అక్కడే. ఆ భార్య రెండు నెలలకు పైగా జైల్లో కూర్చుంది.

మన క్రికెట్ దీనికి ఒక మెట్టు పైన. 2019 ఫిబ్రవరిలో పృథ్వీ షా ఇచ్చిన నమూనాలో టెర్బ్యుటలిన్ దొరికింది. దగ్గు మందు తాగానన్నాడు. బోర్డు నమ్మింది. మనమూ నమ్ముదాం, ఆ మందు దగ్గు సిరప్‌లలో ఉండేదే. శిక్ష ఎనిమిది నెలలు. జులై ఆఖరులో ప్రకటించి, మార్చి 16 నుంచే మొదలైందని లెక్క కట్టారు. ఈలోగా ఆ అబ్బాయి ఏం చేస్తున్నాడు? ఐపీఎల్ ఆడుతున్నాడు. కోల్‌కతా మీద 99 కొట్టాడు. అంటే నిషేధంలో ఉంటూనే, నిషేధంలో ఉన్నట్టు తనకూ మనకూ ఎవరికీ తెలియకుండా, లక్షల మంది చూస్తుండగా సెంచరీకి ఒక్క పరుగు దూరంలో ఔటయ్యాడు. మా చిన్నప్పుడు హెడ్మాస్టరు గారు కూడా ఇంత దయగా లేరు. క్లాసులోంచి బయటికి పో అంటే ఆ రోజే పోవాలి, నాలుగు నెలల కిందటి నుంచి నువ్వు బయటే ఉన్నావురా అనేవారు కాదు. అదే సమయంలో రాష్ట్ర స్థాయి పోటీల్లో దొరికిన పేదింటి కుర్రాడి నాలుగేళ్లు మాత్రం క్యాలెండర్‌లో ఉన్న నాలుగేళ్లే.

షా శిక్ష ప్రకటించిన పది రోజులకు క్రికెట్ బోర్డు ఎట్టకేలకు నాడా కిందికి రావడానికి ఒప్పుకుంది. హమ్మయ్య అనుకునేలోగా అదే ఆగస్టులో ఢిల్లీలోని మన డోప్ పరీక్షల లాబ్‌నే వాడా సస్పెండ్ చేసింది. పరీక్షలు చేసేదే పరీక్ష తప్పింది. 2021 డిసెంబర్ దాకా గుర్తింపు తిరిగి రాలేదు. అన్నాళ్లూ మన నమూనాలు విమానమెక్కి దోహా వెళ్లాయి. గల్ఫ్‌కు వెళ్లాలని పాస్‌పోర్ట్ చేతిలో పట్టుకుని ఏజెంట్ల చుట్టూ తిరిగే జగిత్యాల, నిజామాబాద్ కుర్రాళ్లు ఈ సంగతి వింటే ఏమనుకుంటారో.

ఇన్ని చేసినందుకు ఫలితం దక్కకుండా పోలేదు. 2023లో వాడా లెక్క ప్రకారం మన నమూనాలు 5,606, దొరికినవి 210కి పైగా. ఐదు వేలకు పైగా పరీక్షలు చేసిన దేశాల్లో మనమే నంబర్ వన్. 2024లో 7,113 పరీక్షలు, 260 దొంగతనాలు. ఒలింపిక్ పట్టికలో మన పేరు కోసం కిందికి జరుపుకుంటూ వెళ్లాలి, ఈ పట్టికలో ఆ శ్రమ లేదు. దీనికి పెద్దలు చెప్పే సమాధానం ఒకటుంది. పరీక్షలు ఎక్కువ చేస్తున్నాం కాబట్టి ఎక్కువమంది దొరుకుతున్నారు! ఆహా. 2023లో చైనా 28 వేలకు పైగా పరీక్షలు చేసింది. దొరికినవాళ్లు వెయ్యికి ఇద్దరు. మనకు వెయ్యికి ముప్పై ఎనిమిది. వాళ్లు మనకన్నా మంచివాళ్లని నేను అనను, దొరక్కపోవడం కూడా ఒక విద్యే. కానీ ఎక్కువ వెతికితే ఎక్కువ శాతం దొరుకుతుందనే లెక్క ఏ స్కూల్లో చెప్పారో ఆ స్కూలు మూయించాలి. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి, 2036 ఒలింపిక్స్ కూడా మాకే కావాలంటున్నాం. ఇంటికి చుట్టాలొస్తున్నారు, ముందు టాయిలెట్ కడిగించండయ్యా. అందులో సిరంజిలున్నాయి.

ఇంతసేపూ నవ్వాను. ఆ స్టీపుల్‌చేజ్ అమ్మాయి మీద కూడా నవ్వాను. ఆ అమ్మాయి జూనియర్. అంటే ఇరవై నిండని పిల్ల. ఆ పిల్లను నేను ఏమీ అనను. పందెం అయిపోయాక కూడా పరిగెత్తేంత భయం ఆ వయసులో ఎవరు పెట్టారో వాళ్ల గురించి మాట్లాడదాం. స్టేడియం టాయిలెట్‌లో సిరంజిలు వాటంతటవే మొలిచాయా? పదహారేళ్ల పిల్లలు మందుల షాపుకెళ్లి ఈపీఓ ఇమ్మని అడిగారా? అది కిడ్నీ రోగులకు ఇచ్చే మందు. చల్లగా ఉంచాలి, మోతాదు చూసుకోవాలి, తేడా వస్తే రక్తం చిక్కబడి గుండెకే ముప్పు. ఆ పెట్టె తెచ్చింది ఎవరు? డబ్బు పెట్టింది ఎవరు? పొడిచింది ఎవరు?

పిల్లల డోపింగ్ గురించి వాడా ఒక నివేదిక తెచ్చింది. ఎక్కువమంది మైనర్లు దొరికిన దేశాల్లో రష్యా తర్వాత మనమే. ఎదిగే వయసులో స్టెరాయిడ్ ఎక్కిస్తే ఎముకల చివర్లు ముందే మూసుకుపోతాయి, పొడుగు అక్కడితో ఆగిపోతుంది. ఆడపిల్లలకు గొంతు మారుతుంది, మీసం వస్తుంది, నెలసరి తప్పుతుంది. మారిన గొంతు మందు మానేసినా తిరిగి రాదు. దొరికిన పిల్లకు నాలుగేళ్ల నిషేధం, ఊళ్లో తల ఎత్తుకోలేని పరువు, పోయిన ఉద్యోగం. పొడిచినవాడికి ఏమీ లేదు. వాడు మర్నాడు పొద్దున్నే ఐదున్నరకు అదే గ్రౌండులో ఈల మెడలో వేసుకుని కొత్త బ్యాచ్‌తో తయారు. వలియేవాకు అప్పుడు పదిహేనేళ్లు. నాలుగేళ్ల శిక్ష పడింది ఆ పిల్లకే. చుట్టూ ఉన్న కోచ్‌లూ డాక్టర్లూ ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు. ఆ దేశమైనా ఈ దేశమైనా పద్ధతి ఒకటే. సిగ్గులేని పద్ధతి.

మా ఉత్తరాంధ్రలో ఆట అంటే పతకం తర్వాత, ముందు ఉద్యోగం. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలోనే కాదు, చుట్టుపక్కల ప్రతి ఊళ్లో తండ్రులు కూతుళ్ల వైపు కొత్తగా చూశారు. విజయనగరం జిల్లా కొండవెలగాడలో ఇంటికొక వెయిట్‌లిఫ్టర్ దొరుకుతాడు. గంజి తాగి ఇనుము ఎత్తి రైల్వేలోకో ఆర్మీలోకో వెళ్లిన కుటుంబాలున్నాయి అక్కడ. అలాంటి పిల్లలు నిజాయితీగా ఎత్తుతుంటే, 2009లో ఇంకెవరో వరసగా దొరికినందుకు మన వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్యకు 5 లక్షల డాలర్ల జరిమానా పడింది. ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో మనవాళ్లు బరువులెత్తాలంటే అది కట్టాల్సి వచ్చింది. ఆ డబ్బుతో కొండవెలగాడలాంటి ఊళ్లు ఎన్నింటికి గుడ్లూ పాలూ పోయొచ్చో ఎవరైనా లెక్క వేశారా? రాష్ట్ర మీట్‌లో నాలుగో స్థానంలో వచ్చి బస్సెక్కి ఇంటికొచ్చేసిన పిల్లకు, ముందున్న ముగ్గురిలో ఇద్దరు ఏడాది తర్వాత దొరికారని ఉత్తరం వస్తే ఏం లాభం? స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్ అప్పటికి అయిపోయి ఉంటుంది.

మొన్న మా అక్క కొడుకు సెలవులకు వచ్చాడు. పదో తరగతి, నాలుగు వందల మీటర్లు పరిగెత్తుతాడు, ఏదో అకాడమీలో చేర్చారు. బట్టల సంచిలో లోదుస్తుల మధ్య ఒక జిప్ కవర్ కనపడింది. అందులో నారింజ రంగు మాత్రలు ఆరు. పేరు లేదు, తేదీ లేదు, కంపెనీ లేదు. స్ట్రిప్‌లోంచి విడగొట్టి వేసినవి.

“ఏంట్రా ఇవి?”

“విటమిన్ మామయ్యా. సార్ ఇచ్చారు. ఇంట్లో చూపించొద్దన్నారు.”

“విటమిన్ అయితే చూపించొద్దని ఎందుకన్నారు?”

వాడు కాసేపు ఆలోచించాడు. ఆ ప్రశ్న వాడికి ఇంతవరకూ తట్టలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. దేశంలో నిజంగా ‘తెలియక’ అనే హక్కున్నవాడు మా ఇంట్లోనే, నా ఎదురుగా, జంతికలు నములుతూ కూర్చున్నాడు.

కోచ్‌కు ఫోన్ చేశాను. చాలా మర్యాదస్తుడు, ముందు నా ఆరోగ్యం అడిగాడు.

“సార్, మా వాడికి ఇచ్చిన మాత్రలు ఏమిటండీ?”

“విటమిన్సండీ.”

“ఏ విటమిన్ సార్?”

“అన్నీ ఉంటాయండీ అందులో.”

“పేరు చెబితే మా డాక్టర్‌కు చూపించుకుంటాను. స్ట్రిప్ ఫొటో తీసి పంపుతారా?”

అవతల ఈల వినపడింది, పిల్లలెవరో పరిగెడుతున్న చప్పుడు వినపడింది. ఆయన గొంతు తగ్గించాడు.

“చూడండి సార్, మీరు చదువుకున్నవాళ్లు. పిల్లాడికి రైల్వేలో జాబ్ కావాలా, వద్దా?”